విమానయానము – మన జిల్లాల లెక్క

గన్నవరము నుండి హైదరాబాదునకు విమానము గంటలో పోవునని కంపెనీల కాలపట్టికలు చెప్పుచున్నవి. ఈ మాటలో అబద్ధము లేదు. కాని గుంటూరు బ్రాడీపేటలోని న్యాయవాదికిగాని, చిలకలూరిపేటలోని ప్రత్తి వర్తకునికిగాని, దర్శి చెంత మిరపచేను గల రైతునకుగాని హైదరాబాదు గంటదూరమున ఉన్నదని ఎవరైన తలచినచో అది పొరపాటు. విమానము గంటలో పోవుట వేరు, మనిషి గంటలో పోవుట వేరు. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపకయే మన జిల్లాలలో విమానాశ్రయములనుగూర్చిన ఉత్సాహము పెరుగుచున్నది. 2024లో రాష్ట్రప్రభుత్వమువారు క్రొత్త విమానాశ్రయములకై పరిశీలింపబూనిన స్థలములలో ఒంగోలు, నాగార్జునసాగరము పేర్లు చేరినవి. దొనకొండ పేరు అంతకు చాలముందు నుండియే వినబడుచున్నది. ప్రజల ధనముతోను, రైతుల భూమితోను ముడిపడిన ఈ విషయమును ఉత్సాహముతో కాక లెక్కతో విచారించుట అవసరమని మేము తలచుచున్నాము.

దూరమును కాలముతో కొలుచుట మనవారికి క్రొత్త కాదు. క్రోసు, ఆమడ అను కొలతలు ఉండినను పల్లెటూరివారు ‘పూట ప్రయాణము’, ‘దినము ప్రయాణము’ అనియే చెప్పుకొనెడివారు. ఆ మాటలో బయలుదేరిన గడప మొదలుకొని చేరిన గడప వరకు పట్టు కాలమంతయు ఇమిడియుండెను. ఎద్దులకు మేత వేయుటకు ఆగిన వేళయు, ఏటి రేవున బల్లకట్టునకై కాచుకొనిన వేళయు అందులో చేరియే యుండెను. పెదగంజాము మీదుగా బకింగుహాము కాలువపై చెన్నపట్టణమునకు పడవలు నడచిన దినములలో ఏ వర్తకుడును పడవ కదలిన గంటలను మాత్రమే లెక్కించి సరకు చేరు దినమును నిర్ణయించుకొనలేదు. గాలి వాలును, లాకులవద్ద నిరీక్షణమును అతడు ముందుగనే లెక్కలో వేసికొనెను. నేటి విమాన కాలపట్టిక ఈ పాతవివేకమును మరపించుచున్నది. విమానము ఒక నిలయమును విడుచుట మొదలు రెండవ నిలయమున నిలుచు వరకు గల కాలమును మాత్రమే అది చెప్పును. తక్కినది ప్రయాణికుని తలరాత!

ఈ మైదానములవారి ప్రయాణదిశను దూరముకంటె పరిపాలనమే ఎక్కువగా నిర్ణయించినదని కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. 1953 వరకు మన సచివాలయమును, హైకోర్టును చెన్నపట్టణమున ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియుసరికే బెజవాడ–చెన్నపట్టణము రైలుమార్గము ఏర్పడుటచే ఒంగోలువారికి ఆ 292 కిలోమీటర్ల దారి రాత్రి యెక్కి తెల్లవారి దిగు దారియైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించి కర్నూలు రాజధాని కాగా, మరుసటి యేట హైకోర్టు గుంటూరునకు వచ్చెను. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానియైనంతనే మన మోము పడమటి దిక్కునకు తిరిగెను. మోము తిరిగినది కాని రైలు తిరుగలేదు. గుంటూరువారు బెజవాడ, వరంగల్లు మీదుగా చుట్టుతిరిగియే హైదరాబాదు చేరవలసివచ్చెను. నడికుడి మీదుగా బీబీనగరము మార్గము 1980వ దశకపు చివర పూర్తియగువరకు, అనగా మూడుదశాబ్దములకు పైగా, ఆ చుట్టుదారియే గతియైనది. ఆ మార్గమువలన దాదాపు నూరు కిలోమీటర్లు తగ్గెను. గుంటూరు–హైదరాబాదుల నడుమ ప్రయాణకాలమును నిజముగా తగ్గించిన పనులలో అది ముఖ్యమైనది. దానిని చేసినది పట్టాలే కాని రెక్కలు కావు.

2014లో రాష్ట్రము విడిపోయి, కృష్ణ యొడ్డున అమరావతి రాజధానిగా నిర్ణయింపబడినపిమ్మట సర్కారు మన ముంగిటికే వచ్చెను. ఐనను పెద్ద ఆసుపత్రులు, బిడ్డల ఉద్యోగములు, విదేశములకు పోవు విమానములు హైదరాబాదునందే విశేషముగ ఉండుటచే ఆ దారి రద్దీ తగ్గలేదు. కావున గుంటూరు, ఒంగోలు పట్టణముల నుండి హైదరాబాదునకు గల దూరమే మన విచారమునకు తగిన ఉదాహరణము.

గుంటూరు నుండి శంషాబాదు విమానాశ్రయమునకు పక్షి యెగిరిన దారిని సుమారు 240 కిలోమీటర్లుండును. కాని గుంటూరున విమానాశ్రయము లేదు. విమాన మెక్కగోరువాడు ముందుగ మంగళగిరి, బెజవాడల మీదుగా గన్నవరమునకు, అనగా తాను పోవలసిన దిక్కునకు ఎదురుగ, సుమారు 55 కిలోమీటర్లు పోవలెను. బెజవాడ రద్దీని తలచుకొనినచో దీనికి గంటన్నర. దేశములోని ప్రయాణములకు టిక్కెట్టు చూచి సామాను తీసికొను బల్లను సాధారణముగ గంట ముందే మూసివేయుదురు. వివేకి యగువాడు గంటన్నర ముందుగ చేరును. ఆకాశమున గంట. శంషాబాదున దిగి సామానుతో బయటపడుటకు అరగంట. అచటినుండి నగరము నడుమకు గంట. వెరసి ఐదున్నర గంటలు. ఇందు విమానము మనకొరకు చేసిన పని గంట. విమానముకొరకు మనము చేసిన పని నాలుగున్నర గంటలు. 2008 మార్చిలో విమానములు నగరము నడుమనున్న బేగంపేటను విడిచి శంషాబాదునకు మారినపుడు నేలమీది ప్రయాణము మరింత పెరిగెను. కాలపట్టికకు ఆ మార్పు కనబడదు.

దీని ప్రక్కనే రైలు లెక్కను పెట్టి చూడుడు. 2023 ఏప్రిలు 8న సికిందరాబాదు–తిరుపతి వందేభారత్ బండి ప్రారంభమైనపుడు ప్రకటింపబడిన పట్టిక ప్రకారము అది ఉదయము 6 గంటలకు సికిందరాబాదు విడిచి 9.45కు గుంటూరును, 11.09కి ఒంగోలును చేరవలెను. అనగా గుంటూరునకు మూడుముప్పావు గంటలు; ఒంగోలునకు ఐదు గంటలపైన కొన్ని నిమిషములు. స్టేషనుకు పోవుటకును, దిగి ఇల్లు చేరుటకును మరియొక గంట కలిపినను గుంటూరువానికి నాలుగుముప్పావు గంటలే. విమానముకంటె ముప్పావుగంట తక్కువ, వ్యయమో, చెప్పనక్కరలేదు.

ఒంగోలు లెక్క ఇంకను స్పష్టమైనది. ఒంగోలు నుండి శంషాబాదునకు ఆకాశదూరము సుమారు 260 కిలోమీటర్లు. కాని విమానము పట్టుకొనుటకు ఒంగోలువాడు జాతీయరహదారిపై చిలకలూరిపేట, గుంటూరు, బెజవాడలు దాటి 165 కిలోమీటర్లు గన్నవరమునకు పోవలెను. హైదరాబాదు వాయవ్యమున ఉండగా ఇతడు మూడు గంటలు ఈశాన్యముగ ప్రయాణము చేయును. గన్నవరము చేరినపిమ్మట కూడ ఇతనికి హైదరాబాదు మొదటియంత దూరముననే యుండును! మొత్తము ఏడు గంటలు. అతడే మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ళ, నార్కెట్‌పల్లి మీదుగా కారులో పోయినచో ఆరు గంటలలో నగరమున ఉండును. విమానముకంటె కారును, వేగపు రైలును ముందు చేరుచున్న దారి ఇది.

ఇట్లనుటచే మేము విమానమునకు విరోధులమని ఎవరును భావింపరాదు. గన్నవరము నుండి ఢిల్లీకి ఆకాశమార్గము సుమారు 1,400 కిలోమీటర్లు. రైలుమార్గము 1,700 కిలోమీటర్లకు మించును. విమానము దానిని సుమారు రెండున్నర గంటలలో ముగించగా రైలునకు ఒక పగలును ఒక రాత్రియు పట్టును. అచట గన్నవరమునకు పోవుటలో గడచిన గంటన్నర లెక్కకు రాదు. బొంబాయి, ఢిల్లీవంటి దూరపు నగరములకును, సముద్రము దాటి చదువునకును కొలువునకును పోయిన బిడ్డలయొద్దకును విమానమే దారి. పల్నాటి పల్లెలయందు సైతము అమెరికాలో బిడ్డలు గల కుటుంబము లున్నవి. మనుమని చూడబోవు ముదుసలి దంపతులకు గన్నవరము నుండి నేరుగా పోవు విమానములు ఎన్ని పెరిగిన అంత మేలు. 2017లో ఆ విమానాశ్రయమునకు అంతర్జాతీయ ప్రతిపత్తి లభించినది. 2021లో దాని పరుగుదారి 3,360 మీటర్లకు పెంచబడినది. పెద్ద విమానములు దిగగల స్థలము మనకు గంటన్నర దూరముననే యున్నది. దానిని పూర్తిగ వినియోగించుకొనుటయే మొదటి కర్తవ్యము.

నేలమీది ప్రయాణమే ఇంతగా తినివేయుచున్నచో ఒంగోలునందే విమానాశ్రయము కట్టినచో చాలదా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న సమంజసమే, సమాధానము అనుభవమున వెదకవలెను. కేంద్రప్రభుత్వమువారు 2016లో ఉడాన్ పథకమును ప్రకటించిరి. సుమారు 500 కిలోమీటర్ల దూరమును గంట ప్రయాణముగ నెంచి, సగము ఆసనములకు 2,500 రూపాయల పరిమితిని విధించి, కంపెనీకి కలుగు నష్టమును మూడేండ్లపాటు ప్రభుత్వమే పూడ్చుట ఆ పథకపు సారము. అందు రాష్ట్రమునకును భాగము కలదు. 2017 ఏప్రిలు 27న ప్రధానమంత్రి ప్రారంభించిన తొలి మార్గములలో మన కడప–హైదరాబాదు ఒకటి. దానిని నడపిన ట్రూజెట్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో తన విమానములన్నింటిని నిలిపివేసెను. తరువాత మరియొక కంపెనీ కడపకు వచ్చినను, ప్రభుత్వసాహాయ్యముపై ఆధారపడిన ప్రయాణము ఎంత నిలుకడలేనిదో ఆ సంఘటనము చూపినది.

ఇది కడప యొక్కదాని గతి కాదు. కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలుగారు 2023లో వెలువరించిన నివేదికను మన ప్రజాప్రతినిధులు చదువవలెను. మొదటి మూడు విడతలలో ఇయ్యబడిన 774 మార్గములలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేండ్ల గడువును పూర్తిచేసినవి 112 మాత్రమే. ఆ 112లోను, సాహాయ్యము ముగిసినపిమ్మట 2023 మార్చినాటికి నిలిచినవి 54. అనగా నూటికి ఏడు! నూరు విత్తులు చల్లి ఏడు మొలకలను చూచిన రైతు మరల ఆ విత్తనమునే కొనునా? కొనడు, ముందుగ భూమి తగినదా, విత్తనము తగినదా, అదను తగినదా యని విచారించును.

తగనిది ఏదియో కనుగొనుట కష్టము కాదు. విమానమునకు అధికవ్యయము పైకెగయుటలోను, నేల దిగివచ్చుటలోను ఉన్నది. దూరము పెరిగినకొలది ఆ వ్యయము పలుచబడును. 250 కిలోమీటర్ల దారిలో విమానము పైకి చేరునంతలోనే దిగుటకు సిద్ధపడవలెను. విమానము చిన్నదైనచో ఆసనమునకు పడు ఖర్చు పెరుగును. పెద్దదైనచో ఆసనములు నిండవు. దాపున మంచి రైలును, నాలుగు వరుసల రోడ్డును ఉన్నచో ప్రయాణికుడు వానినే యెన్నుకొనును. ఒంగోలు నుండి చెన్నపట్టణమునకును, హైదరాబాదునకును గల దూరములు రెండును 300 కిలోమీటర్లకు లోపలనే యున్నవి. ఇంతటి దూరములయందు విమానము రైలుతో పోటీపడి గెలుచుట అరుదు. ఒంగోలు నుండి నేరుగా ఢిల్లీకో బొంబాయికో దినదినము విమానము నిండునంత జనము పోవుచున్నారని ఎవరైన నిరూపించినచో అది వేరుమాట. ఆ నిరూపణము ఇంతవరకు మా కంటబడలేదు.

విమానము ఎచట దిగవలెనో నినాదము నిర్ణయింపదు, అవసరము నిర్ణయించును. 1932 అక్టోబరులో టాటాగారు కరాచీ నుండి బొంబాయికి తపాలావిమానమును నడపగా, అచటినుండి విన్సెంటుగారు బళ్ళారి మీదుగా చెన్నపట్టణమునకు దానిని గొనిపోయిరి. నాటి చిన్న విమానమునకు బొంబాయి–చెన్నపట్టణముల నడుమ ఒకచోట దిగుట అవసరమైనది. అందుచే బళ్ళారి దాని దారిలో పడినది. ఆ అవసరము తీరినపిమ్మట బళ్ళారి గొప్ప విమానకేంద్రము కాలేదు. దొనకొండ కథయు అట్టిదే. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వమువారు అచట విమానస్థలమును ఏర్పరచిరి. యుద్ధము ముగిసెను, ఆ స్థలము పాడువడెను. మీటరుగేజి దినములలో దొనకొండకు రైలుఇంజనుల షెడ్డు ఉండెను. పట్టాల వెడల్పు మారినపుడు దానికిని కాలము తీరెను. అవసరము గతించినపిమ్మట ఒక ఊరిని పేరుమాత్రము నిలుపజాలదని దొనకొండకంటె ఎక్కువగ తెలిసిన ఊరు మన మైదానములలో లేదు.

ఇంకొక విశేషము. కొరిశపాడు, రేణంగివరముల చెంత చెన్నపట్టణము–కలకత్తా జాతీయరహదారిపై 4.1 కిలోమీటర్ల పొడవున వైమానికదళముకొరకు అత్యవసరపు దిగుదారి నిర్మింపబడినది. 2022 డిసెంబరు 29న అచట యుద్ధవిమానములు నేలకు మిక్కిలి చేరువగా ఎగిరి పరీక్ష చేసినవి. 2024 మార్చి 18న రవాణావిమానములు ఆ రోడ్డుపైననే దిగి, మరల లేచిపోయినవి. చుట్టుపట్ల గ్రామములవారు దానిని చూచి సంతోషించిరి. దేశరక్షణమున మన నేలకును పాలు దొరకినందుకు మేమును సంతోషించితిమి. కాని రోడ్డుపై విమానము దిగినదికదా, మనకు విమానాశ్రయ మేల రాదని దానినిబట్టి వాదించుట తగదు. అది సైన్యపు అవసరమునకు కట్టినది. దాని లెక్క వేరు, టిక్కెట్టు కొను ప్రయాణికుని లెక్క వేరు.

ఇక భూమి సంగతి. మా పాఠకులలో భూస్వాములు అనేకులు గలరు. వారితో దాపరికము లేక మాటాడుట మా ధర్మము. విమానాశ్రయమునకు కొన్ని వందల యెకరములు కావలెను. విమానాశ్రయము వచ్చునన్న వార్త పుట్టినంతనే చుట్టుపట్ల భూముల ధర పెరుగును; అది వచ్చినను రాకున్నను మధ్యవర్తులు తమ లాభమును తీసికొని తొలగిపోవుదురు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, పరుగుదారికి గీతయైనను గీయకముందే దాని పేర ప్లాటులు వెలయును. చివరకు అప్పుచేసి కొనినవాడును, చేను అమ్ముకొని వేరొకచోట కొనజాలనివాడును మిగులుదురు. గన్నవరము రైతుల అనుభవమును చూడుడు. పరుగుదారి విస్తరణకై భూములిచ్చిన వారు అనేకులు మారుగా అమరావతిలో స్థలములు పొందుటకు అంగీకరించిరి. 2019 తరువాత రాజధాని పనులు ఆగిపోయిన ఐదేండ్లును వారి స్థలములు కాగితముమీదనే నిలిచియుండెను. పరుగుదారి ముందు పూర్తియైనది. దానికి భూమి నిచ్చినవాని బాకీ వెనుకబడినది. గొప్ప ప్రయోజనమున్న గన్నవరముననే యిట్లుండగా, ప్రయోజనము సందేహమైనచోట ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడిని ఒసగుటకు ముందు రైతు నూరుమారులు ఆలోచింపవలెను.

మన సరకు సంగతియైనను విమానముతో తీరునది కాదు. గుంటూరు మిరపయార్డునకు అదనులో దినమునకు లక్ష టిక్కీలకు పైగా వచ్చు దినములు కలవు. ఎండుమిరప రెక్కలపై పోవు సరకు కాదు. లారీపై, రైలుపై, ఓడపై పోవు సరకు. దాని కాలము ఆకాశమున కాదు, యార్డు వాకిట బారులుతీరిన బండ్లలోను, కాటావద్దను, శీతలగిడ్డంగి గుమ్మమువద్దను వ్యర్థమగుచున్నది. 2020 జూలైలో, రోడ్డుదారి చిక్కులలో పడియుండగా, దక్షిణమధ్య రైల్వేవారు గుంటూరు చెంతనున్న రెడ్డిపాలెము నుండి బంగ్లాదేశమునందలి బేనాపోలునకు 16 పెట్టెలలో 384 టన్నుల ఎండుమిరపను ప్రత్యేకపార్సిలు బండిలో పంపిరి. రోడ్డుపై టన్నునకు సుమారు 7,000 రూపాయలు పడుచుండగా రైలుపై 4,608 రూపాయలే పడినది. అట్టి బండ్లు అదను అదనునకు నియతముగ నడచినచో రైతునకును వర్తకునకును కలుగు మేలు ఎంతయో ఊహింపవచ్చును. చంకలో బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకినట్లు, కాళ్ళవద్దనున్న పట్టాలను మరచి మనము ఆకాశమువంక చూచుచున్నాము.

కావున మనము కోరవలసినవి ఏవి? మొదటిది, ఉదయపు బండి. వందేభారత్ వేగముగలదే కాని, అది తెల్లవారి హైదరాబాదువారిని తిరుపతికి గొనిపోయి, అర్ధరాత్రి సమీపించువేళకు మరల చేర్చుటకు ఏర్పడిన బండి. ఒంగోలువాడు సాయంకాలము దాని నెక్కి అర్ధరాత్రి నగరమున దిగి ఏమి చేయును? గుంటూరువారికి తెల్లవారుజామున పల్నాడు ఎక్స్‌ప్రెస్ కలదు. కాని అది గుంటూరుననే బయలుదేరును, వేగమున వందేభారత్‌నకు తీసికట్టు. ఒంగోలున తెల్లవారుజామున బయలుదేరి, గుంటూరు మీదుగా పదిగంటల వేళకు హైదరాబాదు చేరి, సాయంకాలము మరలివచ్చు వేగపు బండి యొకటి ఉన్నచో వైద్యునికి చూపించుకొనువాడు, వ్యాజ్యము గలవాడు, వర్తకుడు ఒక్క దినములో పని ముగించుకొని తన యింటనే పరుండును. దానికి క్రొత్త భూమి అక్కరలేదు. కాలపట్టికను మన దిక్కునుండి వ్రాయు మనసు కావలెను.

రెండవది, జంటపట్టాలు. గుంటూరు–బీబీనగరము మార్గము ఒంటిపట్టాగ ఏర్పడినందున ఒక బండి రాకకై మరియొక బండి స్టేషనులలో కాచుకొనుట పరిపాటియైనది. ఈ 239 కిలోమీటర్లకు రెండవ పట్టా వేయుటకు కేంద్రమంత్రివర్గము 2023 ఆగస్టులో అనుమతించెను. అనుమతి కాగితము, పట్టా ఇనుము. ఆ పని యే నెలకు ఎంత సాగినదో మన పార్లమెంటు సభ్యులు సమావేశము సమావేశమునకు అడిగి ప్రజలకు తెలుపవలెను. మూడవది, నడికుడి–శ్రీకాళహస్తి మార్గము. పిడుగురాళ్ళ, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములను కలుపు ఈ 309 కిలోమీటర్ల దారి 2011–12 బడ్జెటునాటి వాగ్దానము. మన మెట్టసీమకు ఒక్క విమానాశ్రయమైనను చేయజాలని ఉపకారమును ఆ దారి చేయగలదు. దాని ఆలస్యమును ప్రశ్నించు గొంతులు విమానాశ్రయము నడుగు గొంతులకంటె పలుచగ ఉండుట విచారకరము.

నాలుగవది, గన్నవరమునకు దారి. కాజ నుండి చిన అవుటుపల్లికి బెజవాడ రద్దీని తప్పించి పోవు పడమటి రహదారివంటి పని యొకటి, నామమాత్రపు విమానాశ్రయములు రెంటికంటె మనకు ఎక్కువ మేలు చేయును. ఒంగోలు, నరసరావుపేట, గుంటూరు బస్సునిలయముల నుండి విమానముల వేళలకు సరిపడునట్లు గన్నవరమునకు నేరుగ బస్సులు నడుపుట ఆర్టీసీవారికి అసాధ్యము కాదు. దూరపు విమానము నెక్కువాని కాలమును తగ్గించు మార్గము ఇదియే. రాత్రివేళ గుండెనొప్పి వచ్చిన ముదుసలిని విమానము కాపాడదు; జిల్లా ఆసుపత్రిలోని వైద్యుడును, అచటికి పోవు రోడ్డును కాపాడవలెను. ఆ ఖర్చునకు ధనము లేదనుచు ఈ ఖర్చునకు ధనము వెదకుట నీతి కాదు.

ఇతరజిల్లాలకు విమానాశ్రయము లుండగా మనకు లేకుండుట అవమానము కాదా యని కొందరు పౌరుషముతో అడుగుచున్నారు. ఆంధ్రుల ఆత్మగౌరవమును తక్కువచేయు మాట ఈ పత్రిక ఏనాడును పలుకబోదు. కాని గౌరవము కట్టడముయొక్క ఉనికిలో లేదు, దాని వాడుకలో ఉన్నది. దినమునకు ఒక విమానమైనను రాక, ప్రారంభోత్సవపు శిలాఫలకముతో మిగులు విమానాశ్రయము జిల్లాకు అలంకారము కాదు. అర్ధరూపాయి బాకీని సైతము వడ్డీతో లెక్కకట్టు మన రైతు, కోట్లరూపాయల పనిని లెక్క చూడక ఒప్పుకొనుట వింత.

కనుక ప్రభుత్వమువారిని మేము కోరునది ఇది. ఒంగోలున గాని మరియెచట గాని విమానాశ్రయమునకు భూమిని గుర్తించుటకు ముందు నాలుగు అంకెలను బహిరంగముగ ప్రకటింపుడు. ఏ నగరమునకు దినమునకు ఎందరు పోవుదురు? ఇంటి గడప నుండి గమ్యపు గడపకు ఇప్పటికంటె ఎన్ని గంటలు తగ్గును? మూడేండ్ల సాహాయ్యము ముగిసినపిమ్మట నష్టమును ఎవరు భరింతురు? భూమి నిచ్చినవానికి ఎన్నినాళ్ళకు, ఏ రూపమున పరిహారము ముట్టును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానములు లభించినచో విమానాశ్రయమును ముందుగ స్వాగతించు పత్రిక మాదియే యగును. లభింపనిచో ఆ ధనమును పట్టాలపైనను, రోడ్లపైనను, ఆసుపత్రులపైనను వెచ్చింపుడని అడుగుట మా హక్కు. ఓటరు మహాశయులును ఈసారి సభలలో విమానాశ్రయమును వాగ్దానము చేయు అభ్యర్థిని ‘ఎప్పుడు వచ్చును?’ అని కాక, ‘మా ఊరి నుండి ఎన్ని గంటలు తగ్గును?’ అని అడుగుదురుగాక.